పోతే ఎంత పోతది?

మొన్న మా చెల్లె ఇంటికి పోతుంటె మొయినాబాద్ చౌరస్తల బండ్లన్ని ఆగిపోయినయి. ముంగట ఇసుక టిప్పరు, పక్కన కాలేజీ బస్సు, ఎటు కదలరాదు. ఊరికెనే తలెత్తి చూస్తే కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టి ఉన్నది. కోటు తొడుక్కున్న ఒకాయన చేతులు కట్టుకొని నవ్వుతున్నడు. "పేరుమోసిన ఇరవై రోజుల పద్ధతి. మనీ మేనేజ్‌మెంట్ నేర్చుకోండి, షేర్లల్ల లాభం ఖాయం" అని ఆయన కింద పెద్దపెద్ద అక్షరాలు.

ఆ మాట చదవంగనే పెద్దమ్మ యాదికొచ్చింది. ముంగటి టిప్పరు ఎప్పుడు పోయిందో, వెనకటోళ్లు ఎంతసేపటి సంది హారన్ కొడుతున్నరో నాకు తెల్వలే.

పెద్దమ్మ అంటె మా చుట్టం గాదు. చేవెళ్లల మేం కిరాయికున్న ఇంటి ఓనరు. మా ఇంటామెకు చేవెళ్ల సర్కారు బడిల టీచరు కొలువొస్తే, బస్టాండు వెనక గల్లీల వాళ్ల పైపోర్షన్ దొరికింది. కింద వాళ్లిద్దరు, పైన మేమిద్దరం. ఆరేండ్లు ఉన్నం. ఆమె పెనిమిటికి రోడ్డు మీద దుకాణం ఉన్నది. బోరు మోటర్లు, పైపులు, స్టార్టర్లు అమ్ముతడు. ఊరంత ఆయనను సేటు అంటది, నేను గుడ సేటు అనేటోన్ని. ఆమెను మాత్రం ఇల్లు చూడవోయిన మొదటి దినమే పెద్దమ్మ అన్న. మల్ల వేరే పిలుపు రాలే.

పోయిన చలికాలం ఆమె పోయింది. అప్పటి సంది ఆమె గురించి నాలుగు ముక్కలు రాయాలనుకుంటున్న. రాయబోతే ఎక్కడ షురూ చెయ్యాలెనో తెలుస్తలేదు. నాలుగు గంటల యాళ్లకు ఆమె చాప పరిచెటిది యాదికొస్తది, అక్కడనే షురూ చేస్త.

మూడున్నరకు షేర్ మార్కెట్ బందయితది. నాలుగు కొట్టేవరకు పెద్దమ్మ వంటింటి పని దులుపుకొని ముంగటి అర్రల చాప పరుస్తుండె. చాప మీద గ్రాఫ్ కాగితాలు. బడి పిల్లలు లెక్కలకు కొనుక్కునేటివే. ఒకదానికొకటి అతికిచ్చి పొడుగ్గ చేసి, చుట్టలు చుట్టి పెట్టుకున్నది. ఒక్కొక్క షేరుకు ఒక్కొక్క చుట్ట. ఎనిమిది షేర్లు, ఎనిమిది చుట్టలు. పెన్సిలు ఎప్పుడు కొప్పుల గుచ్చి ఉంటుండె. దాన్ని తీసి, మొనను నాలుక మీద అద్ది, ఆ దినం ఆ షేరు ఎంత పైకి పోయింది, ఎంత కిందికొచ్చింది చూసి, ఒక నిలువు గీత గీస్తుండె. ప్రతి గీతకు స్కేలును కొంగుతోని తుడుస్తుండె. ఎనిమిది గీతలు గీసెటందుకు పావుగంట చాలు, ఆమెకు గంట పట్టేది. గీసినంక కాగితాన్ని జర దూరం జరిపి, అద్దాలు ముక్కు మీదికి దించి, ఇంటికొచ్చిన కొత్త చుట్టాన్ని చూసినట్టు చూస్తుండె.

"ఇవన్ని ఫోన్ల వాటంతట అవే వస్తయి గద పెద్దమ్మా" అన్న ఒకసారి.

"వస్తయి బిడ్డా. కండ్లకు వస్తయి. చేత్తోని గీస్తేనే ఒంటబడ్తది" అన్నది.

షేర్లను ఆమె కంపెనీ పేర్లతోని పిలువకపోతుండె. సిమెంటోడు, టైరోడు, మందులోడు, బ్యాంకోడు. "టైరోడు లేసిండు చూడు", "బ్యాంకోడు ముసుగుతన్ని పండుకున్నడు, ఇప్పట్ల లేవడు" అని మా ఇంటామెతోని చెప్తుంటె, ఎవరో వాళ్ల దూరపు చుట్టాల సంగతి అనుకునేది ఆమె. కొన్న షేరు పడిపోయి అమ్ముకోవలసి వస్తే, ఫోన్ల బటన్ నొక్కి "పో బిడ్డా, మంచిగుండు" అంటుండె. సాగనంపినట్టు.

ఇంకొక ఆచారం ఉండె ఆమెకు. నష్టమొచ్చిన దినం సర్వపిండి చేస్తుండె. బియ్యప్పిండిల పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి, గిన్నెకు ఒత్తి, సన్నటి మంట మీద కాల్చి, రెండు మాకు పైకి పంపుతుండె. లాభమొచ్చిన దినం మామూలు పప్పు, చారు. నాకు ఇది ఉల్టా కనవడ్డది. అడిగిన.

"పోయిన దినమే ఇంట్ల మంచిగ తినాలె. తినకపోతే ఆ కోపం పోయి మల్ల షేరు మీద తీర్చుకుంటరు. డబుల్ కొంటరు. అట్లనే మునుగుతరు" అన్నది.

ఇగ ఆమె పద్ధతి. అది ఆమె కనిపెట్టింది గాదు, లోకమంత తెల్సిందే. ఎన్నడో ఒక పేపర్ల వారం వారం వస్తే కత్తిరిచ్చి డైరీల అతుక్కున్నది. ఒక షేరు రేటు, గడిచిన ఇరవై రోజులల్ల ఎన్నడు లేనంత పైకి పోతే కొనాలె. కొన్నంక, గడిచిన పది రోజులల్ల ఎన్నడు లేనంత కిందికొస్తే అమ్మాలె. గంతే. మనసుకు ఏం తోచినా, టీవీల ఎవరేం చెప్పినా, మధ్యల వేలు పెట్టొద్దు. పదిసార్లు కొంటె ఆరేడుసార్లు చిన్న నష్టంతోని బయటికొస్తం, ఒక్కసారి ఏదో ఒకటి నెలల తరబడి లేస్తనే పోతది, ఆ ఒక్కటి అన్నిటిని కట్టేస్తది. ఇదీ లెక్క.

ఈ సగం లోకానికి తెల్సు. రెండో సగమే పెద్దమ్మది. అదెట్ల తెల్సిందో చెప్త.

మేం దిగిన ఏడాదే, ఆఫీసుల దోస్తు చెప్పిండని నేనొక షేరు కొన్న. మెట్ల కాడ కూసొని ఫోన్ చూసుకుంట ముసిముసిగ నవ్వుకుంటుంటె, పెద్దమ్మ చెంబుతోని తులసికి నీళ్లు పోసుకుంట ఆగింది.

"ఏం కొన్నవ్?"

చెప్పిన. నెల దినాలల్ల రెండింతలయితదట అని గుడ చెప్పిన.

"మంచిదే. పోతే ఎంత పోతది?"

"పోదు పెద్దమ్మా. గ్యారంటీ అన్నడు."

"వాని సంగతి గాదు, నీ సంగతి అడుగుతున్న. పోతే, ఎంత పోయినంక ఇగ చాలని అమ్మేస్తవ్?"

అట్లాంటి ప్రశ్న ఒకటి ఉంటదని గుడ నాకు తెల్వదు. ఆమె చెంబు మెట్టు మీద పెట్టి, నా పక్కన కూసొని, వేళ్లతోని చెప్పింది. "నీ దగ్గర లక్ష ఉన్నదనుకో. ఒక్క షేరు మీద నూటికి ఒక్క రూపాయి కన్న ఎక్కువ పోగొట్టుకోవద్దు. అంటె వెయ్యి. నువ్వు రెండు వందలకు కొంటున్నవ్, నూట ఎనభై అయితే అమ్మాలె. అంటె ఒక్కొక్క దాని మీద ఇరవై పోతది. వెయ్యిల ఇరవై ఎన్నిసార్లు? యాభై. యాభై షేర్లే కొనాలె. యాభై ఒకటోది ముట్టొద్దు. ఎంత కొనాలె అన్నది వచ్చేదాన్ని చూసి గాదు బిడ్డా, పోయేదాన్ని చూసి."

"ఇంత భయమైతే ఎందుకు కొనుడు పెద్దమ్మా?"

"భయం గాదు. మా దుకాణంల రైతులు పాతిక వేల మోటరు కొంటరు, పది రూపాయల ఫ్యూజు వద్దంటరు. కరెంటు ఎక్కువొస్తే ఫ్యూజు కాలిపోయి మోటరు బతుకుతది. ఫ్యూజు లేకుంటె మోటరే కాలుతది. నాది ఫ్యూజు."

నా షేరు రెండింతలు గాలే. సగమయింది. ఆ దినం పైకి సర్వపిండి వచ్చింది. నాకు నష్టమొచ్చిందని నేను చెప్పలే. నా మొకం చూసి తెల్సుకున్నది.

ఆమె పైసలు ఎక్కడియంటె, తల్లిగారిచ్చిన పొలం అమ్మినయి. సేటును ఎన్నడు ఒక్క రూపాయి అడుగలే, సేటు గుడ ఎన్నడు ఎంతున్నయని అడుగలే. కాకపోతే ఆయనకు ఆ గీతల మీద నమ్మకం లేకుండె. "మా ఆమె ముగ్గులు" అంటుండె వచ్చినోళ్లతోని. ఆమె నవ్వి ఊకునేది. కని ఒకసారి నన్ను గచ్చు మీద నిలవెట్టి, మా పైపోర్షన్ దిక్కు వేలు చూపి, "ఈ ఇల్లు ఎవరు కట్టిచ్చిండ్రు తెల్సా? టైరోడు" అన్నది. ఎన్నడో ఒకసారి ఆ షేరును పదకొండు నెలలు ఇడువకుంట పట్టుకున్నదట. ఆ ఒక్కదానితోని పైన రెండర్రలు లేసినయి. ఆ మాట అనేటప్పుడు ఆమె మొకంల ఉన్న గర్వం నేను ఇంకెన్నడు చూడలే.

అయితే మేమున్న ఆరేండ్లల్ల టైరోని లాంటోడు ఇంకొకడు రాలే. గీత దాటంగనే కొనుడు, నాలుగు దినాలకు రేటు కిందికొచ్చుడు, "పో బిడ్డా, మంచిగుండు" అనుడు, సర్వపిండి. మొదట్ల నెలకొకసారి తినేటోళ్లం, తర్వాత తర్వాత వారానికొకసారి. ఒకనాడు మా ఇంటామె ప్లేటు ముందర పెట్టి, "ఇంత మంచిగుంటది గని, పాపం ఎంత పోతున్నదో ఏమో" అన్నది. ఆ మాట నా బుర్రల తిరిగింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ టెస్టింగు. ఇంకొకళ్లు కట్టినదాంట్ల తప్పు ఎక్కడున్నదో దొరకబట్టుడే నా కొలువు. పెద్దమ్మ పద్ధతిని గుడ పరీక్ష చెయ్యాలనిపిచ్చింది. ఆమె మేలు కోరే చేసిన, అబద్ధమెందుకు. కని అందుల జర నా హుషారు గుడ ఉన్నది. ఎనిమిది గాదు, యాభై షేర్ల పాత రేట్లు తీసుకున్న. పదిహేనేండ్లయి. ఆమె నియమం ఉన్నదున్నట్టు రాసి కంప్యూటర్‌కిచ్చిన. ఒకసారి నూటికొక్క రూపాయి నియమంతోని, ఒకసారి అది లేకుంట.

రెండిటికి రెండు గీతలు గీసిచ్చింది కంప్యూటర్. మొదటి ఏండ్లల్ల రెండు పైకే పోయినయి. తర్వాత రెండు తిరిగినయి. ఫ్యూజు లేని గీత, ఎర్రది, బొక్కబోర్లా పడి మల్ల లేవలే. ఫ్యూజున్న గీత, పచ్చది, పడలే. కని లేవలే గుడ. ఏండ్ల తరబడి కొంచెం కొంచెం కిందికి జారుకుంట వచ్చింది. అంటె ఏందంటె, పద్ధతిల సత్తువ అయిపోయింది. ఎంత కొనాలె అన్న లెక్క దాన్ని మెల్లగ చావనిస్తది, బతికియ్యదు.

రంగుల ప్రింటు తీయిచ్చిన. ఆదివారం పగటీలి, అన్నాలు తిన్నంక, కిందికి పోయిన. సేటు ఇంట్లనే ఉన్నడు, పేపరు చదువుకుంటున్నడు. ఆయన లేనప్పుడు చూపియ్యాలని నాకు తోచనే లేదు. ఆమె గీతల చాప మీదనే నా కాగితం పరిచి, ఆఫీసుల మేనేజర్లకు చెప్పినట్టు వేలు పెట్టి చెప్పిన.

చెప్పుడయినంక సేటు పేపరు మడిచి పెద్దగ నవ్విండు. "నేను చెప్పలే? ఇన్నేండ్ల సంది గీతలు గీసీ గీసీ, ఆఖరికి పిలగాని కంప్యూటర్ గుడ అదే అన్నది. ముగ్గులేసుకున్నా వాకిలన్న మంచిగ కనవడుతుండె."

పెద్దమ్మ ఆయన దిక్కు చూడలే. కాగితం దగ్గరికి గుంజుకున్నది. అద్దాలు దించింది.

"దలాలి, పన్ను కలిపినవా?"

"కలిపిన."

"నా ఎనిమిదేనా, వేరేటివి గుడ చూసినవా?"

"యాభై చూసిన పెద్దమ్మా."

పచ్చగీత మీద వేలు పెట్టి చివరిదాక జరిపింది.

"టమాట రేటు పెరిగిందని అందరు టమాటనే ఏసినట్టయింది" అన్నది, తనలో తనే అన్నట్టు. "ఇరవై రోజుల గీత ఎక్కడున్నదో అందరికి ఎరికైంది. దాటంగనే అందరు కొంటరు. అందరు కొన్నంక ఇగ కొనెటోడు ఎవడున్నడు?"

నేను తలూపిన. ఇంత తొందరగ అర్థం చేసుకున్నందుకు సంబురపడ్డ.

"ఫ్యూజు మంచిదే బిడ్డా. మోటరు కాలకుంట కాపాడుతది. బోరుల నీళ్లు లేకుంటె ఫ్యూజు ఏం జేస్తది?"

నేను అప్పుడు ఒక మాట చెప్పాల్సి ఉండె. కాగితంల అది గుడ ఉన్నది. ఇన్ని ఎండిపోయిన ఏండ్లల్ల గుడ నీ పైసలు ఇంచుమించు అన్ని ఉన్నయంటె అది నీ లెక్క వల్లనే పెద్దమ్మా, పద్ధతి ఇడువు గని ఆ లెక్క ఇడువకు అని. ఆ మాట చెప్పెటందుకు ఒక్క నిమిషం పడుతుండె. నేను కాగితాలు మడుచుకొని, ఆమె పైసలను కాపాడిన అనుకుంట మెట్లెక్కి పైకొచ్చిన.

మర్నాడు నాలుగింటికి చాప పరువలే.

మొదట్ల నాకు మంచిగనే అనిపిచ్చింది. ఆమె ఆ యాళ్లకు మా ఇంటామెతోని ముచ్చట్లు పెడుతుండె, టీవీ చూస్తుండె. కని చేతులు ఊకుండకపోతుండె. కొప్పుల పెన్సిలు కోసం చెయ్యి పోయి, దొరకక, జుట్టు సదురుకున్నట్టు చేసి కిందికొస్తుండె. ఒక నెలలనే ఉన్న షేర్లన్ని అమ్మేసింది. పైసలు బ్యాంకుల ఊరికె ఉన్నయి. ఊరికె ఉన్న పైసలకు సలహాలు మస్తు వస్తయి.

ఆ సలహా ఇచ్చింది గుడ నేనే. మోకిల దాటినంక శంకర్‌పల్లి దిక్కు ఒక వెంచరు పడుతున్నదని, రిజిస్ట్రేషన్ కాకముందే మొత్తం పైసలు కడితే సగం రేటుకే ప్లాటు అని, మా ఆఫీసుల ఒకాయన పట్టుకొచ్చిండు. నేను అప్పు తీసుకొని ఒక ప్లాటుకు పైసలు కట్టిన. కింద సేటుతోని చెప్తే ఆయన ఆమెతోని చెప్పిండు. "షేర్లు గాలి మాటలు. భూమి ఎక్కడికి పోతది? పైసలు పండవెట్టుకొని ఏం జేస్తవ్?" అన్నడట.

ఆమె నన్ను పిలిచింది. మొదటిసారి ఆమె నన్ను సలహా అడిగింది.

"నువ్వు కట్టినవా?"

"కట్టిన పెద్దమ్మా."

"మొత్తం?"

"మొత్తం."

"అయితే సరే" అన్నది. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అడుగలే. నూటికొక్క రూపాయి దాటనియ్యని మనిషి, తల్లిగారి పొలం పైసలు, ఇల్లు కట్టంగ మిగిలిన టైరోడి పైసలు, నూటికి నూరు తీసి ఒక్కదాంట్ల పెట్టింది. తన పద్ధతి తప్పని నేను కాగితం మీద చూపిచ్చిన గద. ఇగ తన బుద్ధిని తనెట్ల నమ్ముతది?

ఏడాది అయింది. రిజిస్ట్రేషన్ ఇయ్యాల, రేపు అన్నరు. తర్వాత ఫోన్లు ఎత్తలే. పట్నంల వాళ్ల ఆఫీసుకు పోతే తాళం. ఒకనాడు పెద్దమ్మ, "ఆ భూమినన్న ఒకసారి చూద్దాం పా" అన్నది. సేటు రాలే. నేను, ఆమె కార్ల పోయినం. బ్రోచర్ల ఉన్న దారి పట్టుకొని పోతే, ఆర్చి లేదు, బోర్డు లేదు. హద్దు రాళ్లు నాలుగు మిగిలినయి. మిగతాదంత పత్తి చేను.

చేన్ల మందు కొడుతున్న రైతు డబ్బా దించి దగ్గరికొచ్చిండు. మమ్ముల చూడంగనే సంగతి తెల్సిపోయింది ఆయనకు, మా కన్న ముందు ఎందరొచ్చిండ్రో.

"బయానా ఇచ్చిండ్రు అమ్మా. మిగతాది ఇయ్యలే. గడువు దాటింది, భూమి నాదే ఉన్నది. ఎన్ని దినాలు పడావు పెట్టుకుంట? పత్తి పెట్టుకున్న" అన్నడు. తప్పు చేసినోని లెక్క తల దించుకొని చెప్పిండు. ఆయన తప్పేం లేదు.

"మంచిగొచ్చిందా?" అని అడిగింది పెద్దమ్మ, చేను దిక్కు చూసుకుంట.

"పర్వలేదమ్మా. ఇంకొక వాన పడాలె."

ఆమె ఒక హద్దు రాయి మీద కూసున్నది. ఎండ మస్తుండె. నేను గొడుగు పట్టబోతే వద్దన్నది. కొంతసేపయినంక నా దిక్కు చూడకుంటనే అడిగింది.

"పైసలు కట్టేటప్పుడు, పోతే ఎంత పోతదని అడిగినవా నువ్వు?"

"లేదు పెద్దమ్మా."

"నేను గుడ అడుగలే" అన్నది.

నన్ను తిట్టలే. తిడితే మంచిగుంటుండె. కార్ల వచ్చేటప్పుడు, నా అప్పు కిస్తీలు ఎట్ల కడుతున్నవని అడిగింది, మా ఇంటామెకు చెప్పినవా లేదా అని అడిగింది. చెప్పలే అంటె, "ఇయ్యాలనే చెప్పు" అన్నది. ఇంటికొచ్చినంక, ఎంతో కొంత పోయినందుకు సర్వపిండి చేసే మనిషి, అంత పోయినందుకు ఏం చెయ్యలే. పండుకున్నది.

మేం కేసు పెట్టినం, ఇప్పటికి నడుస్తనే ఉన్నది. ఆ తర్వాత ఐదారు నెలలకే నేను ఇల్లు ఖాళీ చేసిన. మా ఇంటామెకు గండిపేట దిక్కు బదిలీ అయింది, నాకు ఆఫీసు దగ్గరయితది అని అందరికి చెప్పిన. అవి నిజమే. కని బదిలీ అడిగిచ్చింది నేనే. పొద్దున మెట్లు దిగేటప్పుడు ఆమె తులసి కాడ నిలవడి "పోయొస్తున్నవా బిడ్డా" అని ఎప్పటిలెక్కనే అడుగుతుంటె, నాకు ఆమె మొకం చూసెటందుకు చాతగాలే. సామాను ఎక్కిచ్చిన దినం మా ఇంటామెకు చీర పెట్టింది. నాకు ఒక్క మాట చెప్పింది. "మోకిల సంగతిల ఎవరి మీద కోపం పెట్టుకోకు. నీ మీద గుడ." నేను సరే అని బండెక్కిన. తప్పయింది పెద్దమ్మా అన్న మాట నోటిదాక వచ్చింది. మల్లొచ్చినప్పుడు నెమ్మదిగ కూసొని చెప్తననుకున్న.

మల్ల పోలే. ఆమె ఫోను రెండుసార్లు వచ్చింది. రెండుసార్లు నేను ఎత్తలే. కేసు గురించి అడుగుతదని, అడిగితే చెప్పెటందుకు ఏం లేదని. తర్వాత చేస్తననుకున్న. మూడోసారి వచ్చింది సేటు ఫోను. రాత్రి ఛాతిల నొప్పని దవాఖానకు తీస్కపోతుంటె దారిలనే పోయిందని.

పదో దినానికి పోయినం. కార్యమయినంక సేటు నన్ను దుకాణానికి తీస్కపోయిండు. షట్టరు సగమే లేపి ఉన్నది. స్టార్టరు డబ్బాల నడుమ రెండు స్టూళ్లేసుకొని కూసున్నం. ఇన్నాళ్లు దాచుకున్నది నేను ఆయనకు చెప్పిన. "ఆ కాగితం చూపియ్యకపోతె ఆమె గీతలు ఇడువకపోతుండె. మోకిలల పెట్టకపోతుండె. నేనే సేటూ."

ఆయన తల అడ్డంగ ఊపిండు. "నీ కాగితానికి ఆమె ఏం భయపడలే. ఆ రాత్రే నాకు చెప్పింది, పిలగాడు మంచి పని చేసిండు, సరింగ చేసిండు అని. నేను నవ్విన జూడు, అందుకు ఇడిచిపెట్టింది. మల్ల నా ముందర చాప పరువలే." పక్కనున్న స్టార్టరు డబ్బా మీది దుమ్మును తువ్వాలతోని తుడిచిండు.

"నీకు ఫోను చేసిందట గద, కలిసిందా?" అని అడిగిండు.

"కలువలే" అన్న. ఎత్తలే అని చెప్పెటందుకు నోరు రాలే.

ఆయన గల్లా డెస్కు సొరుగు తెరిచి ఒక కాగితం తీసిచ్చిండు. దుకాణం బిల్లు బుక్కుల నుంచి చింపిన కాగితం, వెనక దిక్కు పెన్సిలు రాత. "నిన్ను అడగాలని రాసుకున్నది. కంప్యూటర్‌ల వేయిద్దాం అంటుండె. నాకైతే ఏం సమజ్ గాలే" అన్నడు.

కేసు గురించి గాదు, పైసల గురించి గాదు.

"గీత దాటిన దినం అందరు కొంటరు. ఆ దినం కొనకుంట, ఒకసారి కిందికొచ్చి, మల్ల దాటినప్పుడు కొంటె ఎట్లుంటది? ఎంత కొనాలె అన్నది పాత లెక్కనే, నూటికి ఒకటే. పిలగానికి తీరిక ఉన్నప్పుడు అడగాలె."

పైసలన్ని పోయినంక రాసిన కాగితం అది. నేను ఆమె కుంగిపోయి కూసున్నదనుకుంట గండిపేటల తల దాచుకున్న. ఆమె ఆలోచన చేస్తుండె.

ఆ వారమే ఆ ప్రశ్నను కంప్యూటర్‌కిచ్చిన. అవే యాభై షేర్లు, అవే ఏండ్లు. లాభం రాలే. మునుపటంత నష్టం గుడ రాలే. గీత కాగితం మీద అడ్డంగ పాకుకుంట పోయింది, అటు గాదు, ఇటు గాదు. ఇది చూపిచ్చి ఉంటె పెద్దమ్మ నొచ్చుకోకపోతుండె. దలాలి కలిపినవా అని అడుగుతుండె, అద్దాలు దించి చివరిదాక వేలు జరుపుతుండె, "అట్లనా? అయితె ఇంకొకటి చూడు బిడ్డా" అంటుండె. ఆ ఇంకొకటి ఏమై ఉంటదో నేను శాన దినాలు ఆలోచన చేసిన. నాకు తట్టలే.